అయిదు రోజుల ఆటకు వచ్చిన కరువు

ఎండాకాలంలో చెరువు అడుగు ఎప్పుడయినా పరకాయించి చూచారా, పిల్లలూ? నీరు ఇంకిపోయిన కొత్తలో బురద మెత్తగా, నున్నగా ఉంటుంది. నాలుగు రోజులు ఎండ కాస్తే దానిమీద సన్నని గీతలు పడతాయి. మరొక వారానికి ఆ గీతలే బీటలవుతాయి. బీటల నడుమ మిగిలిన మట్టి పెంకులు అంచులు పైకి లేచి, అడుగు వేస్తే పటుక్కున విరుగుతాయి. మన చిలమత్తూరు వైపు ఇది ఎవరికీ కొత్త కాదు. చెరువు నిండిన సంవత్సరాలకన్నా బీటలు వారిన సంవత్సరాలే మనం ఎక్కువ చూస్తాం.

క్రికెట్ ఆటలో అన్నిటికన్నా పాతది టెస్టు మ్యాచి. 1877 మార్చిలో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో మొదటిది జరిగింది. ఇప్పుడు అది అయిదు రోజులు సాగుతుంది. ఆ అయిదు రోజుల ఆటలోని రుచి చాలావరకు ఈ బీటలలోనే ఉన్నది. ఎట్లాగో చెబుతాను.

బంతి వేసే చోటును పిచ్ అంటారు. దాని పొడవు 22 గజాలు, అంటే 66 అడుగులు. అక్కడి నేలను బంకమన్నుతో కట్టి, నీళ్ళు పెట్టి, బరువైన రోలరుతో రోజుల తరబడి అదుముతారు. బంకమన్ను రేణువులు చాలా చిన్నవి. ఒక మిల్లీమీటరును 500 భాగాలు చేస్తే ఒక భాగం కూడా ఉండవు. తడిసినప్పుడు రేణువుల మధ్య నీరు చేరి మన్ను ఉబ్బుతుంది. ఎండినప్పుడు ఆ నీరు పోయి కుంచించుకుపోతుంది. కుంచించుకునే మన్ను అన్ని వైపులకూ లాగుతుంది గనక ఎక్కడో ఒక చోట చీలక తప్పదు. మన చెరువులో అయినా, కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో అయినా సూత్రం ఒకటే.

మొదటి రోజు పొద్దున పిచ్‌లో కాస్త తేమ ఉంటుంది. అప్పుడు వేగంగా బంతులు వేసేవారికి అనుకూలం. రెండో రోజు, మూడో రోజు నేల గట్టిపడి బ్యాటు పట్టినవాడికి సుఖం. నాలుగో రోజుకు బీటలు వస్తాయి. బౌలర్లు పరుగెత్తి వచ్చి దిగినచోట కాలిగుంటలు పడతాయి. అయిదో రోజు స్పిన్ బౌలరు ఆ గుంటలో, ఆ బీటలో బంతి పడేట్టు వేస్తే అది ఎటు తిరుగుతుందో, ఎంత ఎత్తు లేస్తుందో ఎవరూ చెప్పలేరు. బంతి కూడా ముసలిదవుతుంది. ఆటగాళ్ళు ఒక వైపును ప్యాంటుకు రుద్ది మెరిపిస్తారు, రెండో వైపును గరుకు పడనిస్తారు. రెండు వైపులా గాలి ఒకేలా పారదు గనక బంతి గాలిలోనే వంపు తిరుగుతుంది. 80 ఓవర్లు గడిచాక గాని కొత్త బంతి తీసుకోవటానికి వీలు లేదు. ఈ విధంగా టెస్టు మ్యాచిలో ఆటగాళ్ళు ఇరవై ఇద్దరు కాదు. నేల, బంతి, ఎండ కూడా ఆడతాయి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. టెస్టులో రోజుకు 90 ఓవర్లు. ఓవరుకు 6 బంతులు. అయిదు రోజులకు ఎన్ని? 2,700. ఇరవై ఓవర్ల ఆటలో రెండు జట్లకూ కలిపి 240 బంతులు. అంటే పదకొండోవంతు కన్నా తక్కువ.

మరొక లెక్క ఇంతకన్నా ముఖ్యమైనది. ఇరవై ఓవర్ల ఆటలో ఒక జట్టుకు 120 బంతులు, 10 వికెట్లు ఉంటాయి. భాగించి చూడండి. ఒక వికెట్టుకు 12 బంతులే. పన్నెండు బంతులాడి అవుట్ అయినా జట్టుకు నష్టం లేదన్నమాట. అందుకనే అక్కడ ప్రతి బంతినీ గట్టిగా బాదటం తెలివైన పనే; దాన్ని పొగరు అనుకోకండి. టెస్టులో అట్లా కాదు. అక్కడ బంతులకు కొదవ లేదు, వికెట్టే బంగారం. ఒకడు ఎన్ని గంటలు నిలబడితే జట్టు అన్ని గంటలు బతుకుతుంది.

ఇందుకు మన హైదరాబాదు వాడు వి.వి.ఎస్. లక్ష్మణ్ చూపిన ఉదాహరణను మించినది లేదు. 2001 మార్చిలో ఆస్ట్రేలియా జట్టు వరసగా 16 టెస్టులు గెలిచి కలకత్తా వచ్చింది. వారు 445 పరుగులు చేశారు. మనవారు 171కే అవుట్ అయ్యారు. 274 పరుగులు వెనకబడి మళ్ళీ బ్యాటింగ్‌కు దిగవలసి వచ్చింది. నాలుగో రోజు పొద్దున ద్రావిడ్, లక్ష్మణ్ ఆట మొదలుపెట్టారు. సాయంత్రం ఇద్దరూ అట్లాగే తిరిగి వచ్చారు. రోజంతా ఒక్క వికెట్టు పడలేదు. లక్ష్మణ్ 281 పరుగులు చేశాడు. అందుకు ఆయన ఎదుర్కొన్న బంతులు 452. ఇరవై ఓవర్ల మ్యాచి మొత్తంలో రెండు జట్లూ ఆడే బంతులకు ఇది దాదాపు రెట్టింపు! చివరకు మనదేశం 171 పరుగులతో గెలిచింది. మొదటి ఇన్నింగ్సులో మనవారు చేసిన పరుగులూ అన్నే కావటం ఒక తమాషా.

అటువంటి ఆటకు ఇప్పుడు ఆపద వచ్చిందని పెద్దలు పత్రికలలో వ్రాస్తున్నారు. ఆపద తెచ్చినది పగవాడు కాదు, ఇంటివాడే.

2003లో ఇంగ్లండువారు సాయంత్రం పని ముగించుకొని వచ్చేవారి కోసం మూడు గంటలలో తేలిపోయే ఇరవై ఓవర్ల ఆటను ప్రారంభించారు. 2007లో ఆ ఆటకు మొదటి ప్రపంచ కప్పు పెడితే మనవారే గెలిచారు. మరుసటి సంవత్సరమే ఐ.పి.ఎల్. మొదలయింది. నగరానికి ఒక జట్టు, జట్టుకు ఒక యజమాని, ఆటగాళ్ళకు వేలం. మన హైదరాబాదుకు డెక్కన్ చార్జర్స్ వచ్చింది. లక్ష్మణ్‌కు ఆ జట్టులో ఐకాన్ ఆటగాడు అనే హోదా, అందరికన్నా ఎక్కువ జీతం దక్కవలసి ఉంది. ఆ డబ్బుతో మంచి ఆటగాళ్ళను కొనుక్కోండని ఆయన తన హోదాను వదులుకున్నాడు. ఆ జట్టు 2008లో అన్నిటికన్నా అడుగున నిలిచి, 2009లో కప్పు గెలిచి, 2012లో అసలు లేకుండా పోయింది. తరువాత సన్‌రైజర్స్ వచ్చింది. 2024 ఏప్రిల్‌లో మనకు దగ్గరలోని బెంగుళూరు మైదానంలో ఆ జట్టు 20 ఓవర్లలో 287 పరుగులు చేసింది. లక్ష్మణ్ పది గంటలకు పైగా నిలిచి చేసిన 281 కన్నా ఎక్కువ. ఇది చూచి మీరు చప్పట్లు కొట్టి ఉంటారు. కొట్టవలసిందే, 120 బంతులలో అన్ని పరుగులు చేయటం ఆషామాషీ కాదు.

మరి ఆపద ఎక్కడ?

ఇది తెలియాలంటే మన శెనక్కాయ కథ చెప్పాలి. మీ అవ్వనో, జేజినో అడగండి. ఒకప్పుడు అనంతపురం మెట్టభూములలో కొర్ర, సజ్జ, జొన్న, అరిక, రాగి, ఉలవ, కంది పండేవి. ఏవి తక్కువ వానకు తట్టుకుంటాయో, ఏ సాలు పక్కన ఏది వేయాలో పెద్దలకు తెలుసు. వేరుశెనగకు మంచి ధర వచ్చింది. ఒక రైతు రెండెకరాలలో వేశాడు, డబ్బు కనబడింది. మరుసటేడు నాలుగెకరాలు వేశాడు. పక్క రైతూ వేశాడు. కొర్రంటే ఎవరికీ కోపం లేదు. ఎవరూ దానిని తరిమివేయలేదు. ప్రతి రైతూ, ప్రతి ఏడూ తనకు తెలివైన పనే చేశాడు. అయితే భూమి పెరగదు కదా! కొన్ని పదుల ఏళ్ళలో ఎటు చూచినా వేరుశెనగే అయింది. ఊడలు దిగే సమయానికి వాన మొగం చాటేస్తే కాయా లేదు, తినటానికి గింజా లేదు. కొర్ర వేద్దామంటే విత్తనం దాచినవాడే కరువయ్యాడు.

క్రికెట్‌కు భూమి లాంటిది క్యాలెండరు. ఎంత డబ్బున్నా సంవత్సరానికి 365 రోజులే. 2008లో ఐ.పి.ఎల్. ఏప్రిల్ 18న మొదలయి జూన్ 1న ముగిసింది, 8 జట్లతో. ఇప్పుడు 10 జట్లు, 74 మ్యాచ్‌లు. రెండు నెలలు పైగా పడుతుంది. అంతటితో ఆగిందా? ఆస్ట్రేలియాలో ఒక లీగు, వెస్టిండీస్‌లో ఒకటి, పాకిస్తాన్‌లో ఒకటి, 2023 నుంచి దక్షిణాఫ్రికాలో, దుబాయి వైపు, అమెరికాలో కూడా. ఒక్కొక్కటి ఒక్కొక్క మడి ఆక్రమించింది. టెస్టులకు మిగిలినవి గట్లూ, గనిమలూ.

2024 ఫిబ్రవరిలో ఏమి జరిగిందో వినండి. దక్షిణాఫ్రికా జట్టు న్యూజీలాండులో రెండు టెస్టులు ఆడవలసి ఉంది. సరిగ్గా ఆ రోజులలోనే వారి దేశంలో ఇరవై ఓవర్ల లీగు. అందులో ఆరు జట్లకూ యజమానులు మన ఐ.పి.ఎల్. జట్ల యజమానులే! ఆ దేశపు క్రికెట్ బోర్డు దగ్గర డబ్బు లేదు. లీగు నిలబడితేనే బోర్డు నిలబడుతుంది. అందుచేత పెద్ద ఆటగాళ్ళను లీగుకు ఉంచుకొని, టెస్టులకు వేరే జట్టును పంపారు. వారిలో సగం మంది అంతకు ముందు ఒక్క టెస్టయినా ఆడినవారు కారు. కెప్టెనుకు కూడా అదే మొదటి టెస్టు! మొదటి మ్యాచిలో 281 పరుగుల తేడాతో ఓడారు, రెండవదీ ఓడారు. అంతకు ముందు దక్షిణాఫ్రికా మీద న్యూజీలాండు ఎన్నడూ టెస్టు సీరీస్ గెలవలేదు.

ఆ మొదటి మ్యాచిలో న్యూజీలాండు తరఫున 240 పరుగులు చేసినవాడు ఎవరనుకున్నారు? రచిన్ రవీంద్ర. ఆయన తల్లిదండ్రులు బెంగుళూరు వారు. చిన్నతనంలో తండ్రి వెంట, అక్కడి క్లబ్బు పిల్లలతో కలిసి వచ్చి మన అనంతపురం ఆర్.డి.టి. మైదానంలో సాధన చేసినవాడు. అనంతపురం ఎండలో నేర్చుకున్న కుర్రవాడు సముద్రాల అవతల డబుల్ సెంచరీ చేస్తే మనకు సంతోషమే. కాని ఎదుటివారు తమ అసలు జట్టును పంపి ఉంటే ఆ సంతోషం ఇంకా నిండుగా ఉండేది. ఆ అబ్బాయి తప్పేమీ లేదు. ఎదురుగా ఎవరు ఉంటే వారితోనే గదా ఆడాలి!

ఆ వారాలలో దక్షిణాఫ్రికా ఆటగాడు మార్‌క్రమ్ ఎక్కడ ఉన్నాడు? తన దేశంలోనే, సన్‌రైజర్స్ యజమానుల జట్టుకు కెప్టెనుగా లీగు కప్పు గెలుస్తున్నాడు. అదే మార్‌క్రమ్ 2025 జూన్‌లో లార్డ్స్ మైదానంలో ఆస్ట్రేలియా మీద 136 పరుగులు చేసి తన దేశానికి టెస్టు ప్రపంచ విజేత కిరీటం తెచ్చాడు. అంటే ఆ దేశానికి శక్తి లేక కాదు, రోజులు లేక.

హైదరాబాదు జట్టులో మీకందరికీ తెలిసిన క్లాసెన్ కూడా దక్షిణాఫ్రికా వాడే. నాలుగు టెస్టులు మాత్రమే ఆడి 2024 జనవరిలో టెస్టులకు స్వస్తి చెప్పాడు. సన్‌రైజర్స్ ఆయనను 23 కోట్ల రూపాయలకు నిలుపుకుంది. 2025 జూన్‌లో, 33 ఏళ్ళకే, దేశానికి ఆడటమే మానుకున్నాడు. మన గుంటూరు వాడు అంబటి రాయుడు 17 ఏళ్ళ వయసులో, 2002లో, రంజీ ట్రోఫీలో ఆంధ్ర జట్టు మీద ఒకే మ్యాచిలో 210, 159 పరుగులు చేసి దేశాన్ని ఆశ్చర్యపరచాడు. పొడుగు ఆటకు పుట్టినవాడు అన్నారందరూ. తరువాత అనేక మలుపులు తిరిగి, ఆరు ఐ.పి.ఎల్. కప్పులు గెలిచిన జట్లలో ఆడాడు; టెస్టు మాత్రం ఒక్కటీ ఆడలేదు. 2018లో రంజీ ఆట వదిలివేశాడు.

నాకు అన్నిటికన్నా గుచ్చుకునే కథ కాకినాడలో పుట్టిన హనుమ విహారిది. 2021 జనవరి 11న సిడ్నీ టెస్టు అయిదో రోజు. మన జట్టు ఓడిపోయేట్టుంది. విహారికి తొడ వెనక కండరం పట్టేసి పరుగెత్తలేడు. అవతల అశ్విన్‌కు నడుం నొప్పి. ఇద్దరూ కలిసి నలభై ఓవర్లకు పైగా నిలబడ్డారు. విహారి 161 బంతులు ఆడి చేసినవి 23 పరుగులు. మ్యాచి డ్రా అయింది. తరువాతి టెస్టు గెలిచి మనవారు ఆస్ట్రేలియాలో సీరీస్‌నే గెలిచారు. ఆ మరుసటి నెలలో ఐ.పి.ఎల్. వేలం జరిగింది. విహారి పేరు పిలిచారు. ఒక్క జట్టూ కొనలేదు.

వేలంలో కూర్చున్నవారిని తిట్టి లాభం లేదు. 161 బంతులలో 23 పరుగులు చేసేవాడితో ఇరవై ఓవర్ల ఆటలో వారికి పనేముంది? బియ్యపు అంగడికి పోయి పలుగూ పారా అడగము గదా. కాని పన్నెండేళ్ళ పిల్లవాడొకడు ఇవన్నీ చూస్తూ ఉంటాడు. ఏ పనికి ఎంత ధర కడుతున్నారో వాడికి బాగా అర్థమవుతుంది. నిలబడటం నేర్చుకుందామా, బాదటం నేర్చుకుందామా అని వాడు రేపు మైదానంలో తేల్చుకుంటాడు. విత్తనం పోవటం అంటే ఇదే.

ఆడపిల్లల ఆట చూస్తే ఈ మాట ఇంకా తేటపడుతుంది. హైదరాబాదులో పెరిగిన మిథాలీ రాజ్ 2002లో ఇంగ్లండు మీద టెస్టులో 214 పరుగులు చేసింది. 1999 నుంచి 2022 దాకా దేశానికి ఆడింది. ఇన్నేళ్ళలో ఆమెకు దక్కిన టెస్టులు 12! 2014 నవంబరు తరువాత 2021 జూన్ వరకు మన మహిళల జట్టుకు ఒక్క టెస్టూ లేదు. ఎవరూ నిషేధించలేదు, పిల్లలూ. రోజులు కేటాయించినవారు లేరు, అంతే. మన అనంతపురం ఆర్.డి.టి.లో ఆట నేర్చుకొని, 2023లో దేశానికి ఆడిన బారెడ్డి అనూష దొరికించుకున్నది కూడా పరిమిత ఓవర్ల ఆటనే.

అయితే రెండో పక్షం కూడా వినాలి. డబ్బంతా చెడ్డదని చెప్పటం, కడుపు నిండినవారికి తేలిక. హైదరాబాదులో ఆటో నడిపే తండ్రికి పుట్టిన సిరాజ్‌ను 2017లో సన్‌రైజర్స్ 2 కోట్ల 60 లక్షలకు కొన్నది. ఆ వేలం ఆ ఇంటి కష్టాలు తీర్చింది. 2020 నవంబరులో ఆయన ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి పోయాడు. సిరాజ్ వెనక్కు రాకుండా అక్కడే ఉండి టెస్టులు ఆడాడు. 2025 వేసవిలో ఇంగ్లండులో అయిదు టెస్టులూ ఆడి, వెయ్యికి పైగా బంతులు వేసి, 23 వికెట్లు తీశాడు. ఆగస్టు 4న ఓవల్ మైదానంలో ఆఖరి వికెట్టు ఆయనే పడగొట్టాడు. 6 పరుగుల తేడాతో గెలిచాం. ఐ.పి.ఎల్.లో ఒక బౌలరు మ్యాచికి 24 బంతులకు మించి వేయకూడదు. పద్నాలుగు మ్యాచ్‌లకు ఎన్నో మీరే గుణించి చూడండి.

విశాఖపట్నం వాడు నితీశ్ కుమార్ రెడ్డిని లోకానికి చూపినది కూడా ఐ.పి.ఎల్.లే. 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్ టెస్టులో అతడు 99 దగ్గర ఉండగా అవతల మిగిలినది ఆఖరి ఆటగాడు, మన సిరాజే. సిరాజ్ మూడు బంతులు అడ్డుకున్నాడు. తరువాత నితీశ్ నూరు దాటాడు. ఆ మూడు బంతులకు ఏ వేలంలో ఎంత ధర వస్తుందో నాకు తెలియదు.

డబ్బున్నవారి పెత్తనం క్రికెట్‌కు కొత్తా కాదు. 1932లో మన మొదటి టెస్టుకు తెలుగువాడైన సి.కె. నాయుడు కెప్టెను, ఆటలో ఆయనకు సాటి లేదు. 1936లో ఆయన జట్టులో ఉండగానే విజయనగరం మహారాజకుమారుణ్ణి కెప్టెనుగా పంపారు. ఆ దొరగారికి ఆటకన్నా సంపద ఎక్కువ. 1971లో ఒక్కరోజు ఆట మొదలయినప్పుడూ టెస్టులు పోతాయన్నారు, పోలేదు. మన బోర్డు కూడా ఈ ప్రమాదం గుర్తించినట్టే ఉన్నది. టెస్టుకు 15 లక్షలు ఇస్తూ, 2024లో మరొక ఏర్పాటు చేసింది: ఒక సంవత్సరంలో ముప్పాతిక టెస్టులకు పైగా ఆడినవారికి ప్రతి టెస్టుకూ మరి 45 లక్షలు. ఆ డబ్బులో పెద్ద పాలు ఐ.పి.ఎల్. నుంచి వచ్చినదే! శెనక్కాయ అమ్మిన డబ్బుతో కొర్రకు ఎరువు తెచ్చినట్టు. మన బోర్డు ధనికురాలు గనక ఇది సాధ్యం. వెస్టిండీస్ వంటి బీద బోర్డులు ఏమి చేస్తాయి? టెస్టు ఆట ఇద్దరు ఆడేది. మనకొక్కరికే టెస్టు జట్టు మిగిలితే ఎవరితో ఆడతాం?

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఐ.పి.ఎల్. జట్టులో 25 మందికి మించి ఉండరాదు. వారిలో 8 మంది దాకా విదేశీయులు కావచ్చు. పది జట్లూ నిండితే మనవారికి మిగిలేది సుమారు 170 చోట్లు. బీహారు కుర్రవాడు సూర్యవంశీ 14 ఏళ్ళకే 35 బంతులలో నూరు కొట్టాడని చూచి, బడి మానిపించి పిల్లవాడిని కోచింగుకు పంపేముందు ఈ అంకెను ఒక కాగితం మీద వ్రాసుకోండి.

2024 సెప్టెంబరులో అనంతపురంలో దులీప్ ట్రోఫీ జరిగింది. నాలుగు రోజుల మ్యాచ్‌లు. టీవీలో మాత్రమే కనబడే ఆటగాళ్ళంతా మన ప్రాంతపు ఎర్రటి ఎండలో ఆడారు. హైదరాబాదు వాడు తిలక్ వర్మ అక్కడ 111 పరుగులు చేసి అవుట్ కాకుండా నిలిచాడు. ఇటువంటి మ్యాచి మళ్ళీ వస్తే సిక్సర్లు ఎన్ని అని లెక్కపెట్టకండి. మధ్యాహ్నం దాటాక పిచ్ రంగు ఎట్లా మారిందో, బౌలరు ఎక్కడ దిగుతున్నాడో, ఫీల్డర్లు ఎందుకు జరిగారో చూడండి.

అందాకా ఇంటి దగ్గర ఒక పిచ్ తయారు చేద్దాం. చెరువు బంకమన్ను ఒక బుట్టెడు తెచ్చి రాళ్ళు ఏరండి. పెరట్లో రెండు అడుగుల పొడవు, ఒక అడుగు వెడల్పున, నాలుగు అంగుళాల మందాన పరచి, నీళ్ళు చల్లి, గుండురాయితో అదమండి. పక్కనే ఎర్రమట్టితో అంతే ఇంకొకటి. ఒక కర్రకు అంగుళాల గుర్తులు పెట్టి నిలబెట్టండి. రోజూ పొద్దున ఒకే వేళకు, నాలుగు అడుగుల ఎత్తు నుంచి రబ్బరు బంతిని పదిసార్లు వదిలి ఎంత ఎత్తు లేచిందో వ్రాసుకోండి. అయిదు రోజులు ఇట్లా చేయండి. మొదటి రోజు పది కొలతలూ దగ్గర దగ్గరగా ఉంటాయి. బీటలు వచ్చాక ఎట్లా ఉంటాయో, ఏ మన్ను ముందుగా పగిలిందో చూడండి. చుట్టూ కాస్త కంప వేయటం మరవకండి. మేకలు తొక్కితే మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాలి.